వీరభద్రయ్య జలమందిరం

కీర్తిశేషులు వీరభద్రయ్య శెట్టిగారి స్మారక నిర్మాణ సంఘం ఆయన పోయిన పదమూడో రోజున, వైకుంఠ సమారాధనలో రెండో పంక్తి లేవకముందే పుట్టింది. ఆకులో బూరె ఉండగానే అధ్యక్షుడు దొరికాడు. పెరుగన్నంలోకి వచ్చేసరికి ఉపాధ్యక్షుడూ కార్యదర్శీ దొరికారు. మన దేశంలో ఇంత చురుగ్గా జరిగే పనులు తక్కువని గమనించగోరుతాము. బళ్ళారిలో అన్న అంగడి చూసుకొంటున్న తమ్ముడు సుబ్బయ్య అధ్యక్షుడు. ఆదోనిలో నూనె వ్యాపారం చేసే చిన్న తమ్ముడు పద్మనాభయ్య ఉపాధ్యక్షుడు. పినతండ్రి కొడుకు రంగనాథ, ఏదో సర్కారు ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్ళు హెడ్ గుమాస్తాగా ఉండి హోస్పేటలో పింఛను మీద కూర్చున్నవాడు, కార్యదర్శి. చనిపోయినాయన భార్య వాసవాంబ పేరు ఇందులో ఏదని మీరు అడగవచ్చు. ఆమె దుఃఖంలో ఉంది. దుఃఖంలో ఉన్న మనిషి మీద బాధ్యతలు మోపడం ధర్మం కాదని ముగ్గురూ ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఇంతకీ వీరభద్రయ్య చేసిన ఘనకార్యం ఏమిటంటే, నీళ్ళు పోయడం. బళ్ళారి ఎండ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మిరపకాయల బజారులో బావులన్నీ ఉప్పు. రెండు ఫర్లాంగుల దూరంలో ఒకే ఒక్క తీపి నీళ్ళ బావి ఉంది. ఉగాది మొదలు తొలకరి దాకా ఆయన తెల్లవారుజామునే లేచి, కావడి భుజాన వేసుకొని, నాలుగు సార్లు తిరిగి అంగడి అరుగుమీద రెండు పెద్ద కుండలు నింపేవాడు. బండ్లు తోలుకొచ్చే రైతులు, హమాలీలు, దారిన పోయేవాళ్ళు తాగేవారు. ఆయన దానికి ఒక పేరు పెట్టలేదు, బోర్డు కట్టలేదు. ఇరవై రెండు ఎండాకాలాలు బోర్డు లేకుండా నీళ్ళు పోసినవాడికి లోకజ్ఞానం తక్కువని తమ్ముళ్ళ అభిప్రాయం. ఆ కొరత తీర్చడానికే సంఘం ఏర్పడింది.

వాసవాంబకు పిల్లలు లేరు. మొగుడు మాటకారి కాదు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఆమెతో మాట్లాడిన దాంట్లో సగం "కుండలు కడిగినావా?" అన్న మాటే. ఆయన పోయిన ఆ ఎండాకాలం చివరి రోజుల్లో, పక్కింటివాళ్ళ చేత నీళ్ళు తెప్పించి ఆమె స్వయంగా కుండలు నింపింది. నింపుతున్నంతసేపూ ఆయన వెనకాల నిలబడి చూస్తున్నట్టే ఉండేది ఆమెకు. ఇంకేమీ అక్కరలేదు, ఎండాకాలం వస్తే ఆ అరుగుమీద రెండు కుండలుండాలి, అంతే ఆమె కోరిక. మరీ చిన్న కోరిక కావడంతో అది సంఘం దృష్టికి రాలేదు.

సంఘం పనులన్నీ ఉత్తరాల మీదే నడిచేవి. పద్మనాభయ్య ఆదోనిలో, రంగనాథ హోస్పేటలో ఉన్నారు కాబట్టి వాళ్ళు రాయడం సబబే. సుబ్బయ్య మాత్రం అంగడిని ఆనుకొని వాసవాంబ ఉండే ఇంట్లోనే, మేడమీద ఉండేవాడు. ఆమె కింద మిరపకాయ తాలింపు వేస్తే ఆయన పైన తుమ్మేవాడు. అయినా వదినకు చెప్పవలసిన ప్రతి మాటా ఆయన కవరులో పెట్టి, తపాలా బిళ్ళ అంటించి, రిజిస్టరు చేయించేవాడు. నోటిమాటకు ఫైలు ఉండదని రంగనాథ ముందే హెచ్చరించాడు. ఆ కవరు మేడ దిగి, పోస్టాఫీసుకు వెళ్ళి, ముద్ర కొట్టించుకొని, మర్నాడు పోస్టుమ్యాన్ గాళెప్ప సంచిలో అదే ఇంటికి తిరిగి వచ్చేది. వాసవాంబకు చదువు రాదు కాబట్టి చదివి చెప్పేదీ, జవాబు రాసిపెట్టేదీ కూడా గాళెప్పే.

"యాడ నుంచి వచ్చిండాదప్పా?" అని ఆమె అడిగేది.

"నీ మరిదిదేనమ్మా. మేడమీద నుంచి వచ్చిండాది," అని గాళెప్ప అరుగుమీద కూర్చొని, చెంబెడు నీళ్ళు తాగి, గొంతు సవరించుకొని చదివేవాడు.

మొదటి ఉత్తరం ఇలా ఉంది: "శ్రీమతి వాసవాంబగారికి సంఘాధ్యక్షులు వ్రాయునది. ఇచ్చట క్షేమము. తమ క్షేమము క్రిందినుంచి వినబడుచునే ఉన్నది. మట్టికుండలతో నీళ్ళు పోయుట కీర్తిశేషుల హోదాకు తగదు గనుక, రాతి గోపురము, గోపురము క్రింద విగ్రహము, విగ్రహము క్రింద సింహముఖపు కొళాయి గల జలమందిరము నిర్మింప నిశ్చయమైనది. దీనివలన తమకు కలిగిన సంతోషమును వ్రాతపూర్వకముగా తెలుపవలెను."

"సంతోషమే అని రాయప్పా," అంది వాసవాంబ. "నీళ్ళు యాడ నుంచి తెస్తారో అడుగు."

నీళ్ళ విషయం రెండో దశలో పరిశీలించబడునని జవాబు వచ్చింది. మొదటి దశలో స్థలం ఉంది.

స్థలం దగ్గర అన్నదమ్ములిద్దరికీ పడలేదు. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరి అప్పటికి ఏడాది కాలేదు. ఆదోనిది ఆంధ్ర. అన్న ఆదోనిలో మేనమామల ఇంట పుట్టాడు గనుక ఆయన ఆంధ్రుల సొత్తని, ఆ సొత్తును పరాయి రాష్ట్రంలో నిలబెడితే తాను జలమందిరం ముందే నిరాహారదీక్ష చేస్తానని పద్మనాభయ్య రాశాడు. అన్న బతికిందీ చచ్చిందీ బళ్ళారిలో గనుక ఆయన మైసూరు పౌరుడని, కావలిస్తే శవాన్ని అడగమని సుబ్బయ్య రాశాడు. ఐదు నెలలపాటు ఉత్తరాలు అటూ ఇటూ సరిహద్దు దాటాయి. చివరకు రంగనాథ, తన ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవమంతా రంగరించి, హగరి ఏటి అవతల రెండు రాష్ట్రాల మధ్య పాతిన సర్వే రాయిని కనిపెట్టాడు. రాయికి ఇటు నాలుగడుగులు మైసూరు, అటు నాలుగడుగులు ఆంధ్ర. చుట్టూ నల్లరేగడి చేను. బండిబాట అక్కడికి కోసున్నర దూరం. అక్కడికి మనుషులెవరు వస్తారని వాసవాంబ అడిగించింది. మనుషులు రాని చోట కట్టడం ఎక్కువకాలం మన్నుతుందని కార్యదర్శి సమాధానమిచ్చాడు. కాదనడానికి ఏముంది?

తరువాత విగ్రహం. వీరభద్రయ్య జన్మలో ఫోటో తీయించుకోలేదు. ఈ చిక్కును సుబ్బయ్య పెద్ద మనసుతో తీర్చాడు. అన్నదమ్ముల పోలికలు ఒకటే కదా అని, శిల్పి ముందు తానే కూర్చున్నాడు. మూడు వారాలు షర్బతు తాగుతూ, విసనకర్ర వేయించుకుంటూ ఆయన అన్న కోసం పడిన శ్రమ చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. వీరభద్రయ్య కావడి మోసి మోసి ఎండుపుల్లలా ఉండేవాడు. విగ్రహానికి బొజ్జ వచ్చింది, మూడు ఉంగరాలు వచ్చాయి, ఎడమ చేతికి గడియారం కూడా వచ్చింది. దాని ఫోటో ఒకటి తీయించి, పోలిక సరిపోయినట్టు ధ్రువీకరించమని వాసవాంబకు పంపారు.

ఆమె ఫోటోను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది మా మరిది. మా ఇంటాయప్పకు గడియారం యాడుండాది? ఉన్నది ఉన్నట్టు రాయి," అంది.

గాళెప్ప ఉన్నది ఉన్నట్టే రాశాడు. దుఃఖాతిరేకం వల్ల శ్రీమతిగారి జ్ఞాపకశక్తి దెబ్బతిన్నదని సంఘం గుర్తించి, ఆమెకు సానుభూతి తెలుపుతూ ఒక తీర్మానం ఆమోదించి, దాని నకలు రిజిస్టరులో పంపింది.

ఇలా ఉండగా ఉగాది వచ్చింది. వాసవాంబ కుమ్మరి దగ్గర రెండు కొత్త కుండలు కొని, ఒక పూట నానబెట్టి, అరుగుమీద ఇసుక పోసి నిలిపింది. కావడి ఎత్తే బలం లేదు గనుక బిందె చంకన పెట్టుకొని తానే బావికి వెళ్ళింది. ఎనిమిది సార్లు తిరిగితే గాని కుండలు నిండలేదు. నడుము పట్టేసింది. కాని బండి దిగిన కెంచప్ప, చెళ్ళకెర వైపు నుంచి మిరపకాయలు తెచ్చే ముసలి బండివాడు, దోసిలి పట్టి "నీరు కొడ్రీ తాయీ" అని నీళ్ళడిగినప్పుడు ఆమె ముఖం ఇన్ని నెలల తరువాత మొదటిసారి తెరిపిన పడింది.

మర్నాటికే కవరు వచ్చింది. "తీర్మానము. దాహమున్న చోటనే జలమందిరమునకు విలువ. బజారులో ఉచితముగా నీళ్ళు దొరకుచుండగా స్మారకము అవసరమని చందాదారులకు ఎట్లు తోచును? కావున ప్రారంభోత్సవము వరకు ఊరిలోని దాహమును యథాతథముగా కాపాడవలెను. తమరు కుండలు తీసివేయవలెను."

"తీయను అని రాయి," అంది వాసవాంబ.

"అంతేనా అమ్మా?"

"ఇంకేముండాది? రెండు సార్లు రాయి."

ఆదోని నుంచి పద్మనాభయ్య వేరే కోణంలో అందుకున్నాడు. సంవత్సరీకం కాకముందే విధవ గడప దాటడం, బజారులో కూర్చొని నలుగురికీ నీళ్ళు పోయడం వంశానికి తలవంపులని, పొద్దున్నే ఆమె ఎదురైతే బండివాళ్ళకు శకునం చెడుతుందని, వాళ్ళ మేలు కోరే చెబుతున్నానని నాలుగు పేజీలు రాశాడు. గాళెప్ప సగం చదివి ఆపేశాడు. పక్కనే నీళ్ళు తాగుతున్న కెంచప్ప మీసాలు తుడుచుకొని, "నాలుగు హరదారి దూరం ఎండలో వచ్చిండా నేను. నీళ్ళకు శకునం యాడుంటాది తాయీ? ఇంకో చెంబు పొయ్యి," అన్నాడు. శకునం చెడినవాళ్ళ తరఫున వచ్చిన ఏకైక ఫిర్యాదు ఇదే.

కుండలు తీయించడం ఇలా కాదని రంగనాథకు అర్థమైంది. హెడ్ గుమాస్తాలు ఊరికే అవుతారా! వైశాఖంలో ఆయన రాసిన ఉత్తరంలో తిట్లు లేవు, ఆజ్ఞలు లేవు, భక్తి మాత్రమే ఉంది. మహనీయుల స్మారకాలలో వారు వాడిన వస్తువులు ఉంచడం నాగరిక దేశాల ఆచారమట. వీరభద్రయ్యగారు ఇరవై రెండేళ్ళు స్వహస్తాలతో నింపిన ఆ రెండు కుండలనూ జలమందిరంలో అద్దాల బీరువాలో ప్రతిష్ఠించి, "తాకరాదు" అని రాయించడానికి సంఘం నిశ్చయించిందట. శుక్రవారం పదిగంటలకు మేళతాళాలతో వచ్చి స్వీకరిస్తారట.

వచ్చారు. సన్నాయి, డోలు, పూలు కట్టిన జట్కా, ముందు సుబ్బయ్య, ఆయన పక్కన పట్టు కండువాతో రంగనాథ. అప్పుడే ఎనిమిదో బిందె పోసి వాసవాంబ కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. అరుగు కింద కెంచప్ప, ఇంకా ముగ్గురు బండివాళ్ళు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. అవశేషాలు బరువుగా ఉన్నాయని మేళగాళ్ళలో ఒకడు అనగానే, సుబ్బయ్య సైగ చేశాడు. రెండు కుండల నీళ్ళూ వీధిలో ఒంపేసి, కుండలకు దండలు వేసి జట్కా ఎక్కించారు. మట్టి బుసబుసమంటూ పీల్చేసింది. కెంచప్ప పట్టిన దోసిలి అట్లాగే ఉండిపోయింది. వాసవాంబ ఆ తడి మట్టి చూసింది. నడుము నొప్పి సంగతి కూడా మరిచిపోయి అరుగు దిగింది.

"సుబ్బయ్యా, ఎవురివప్పా ఈ కుండలు?"

"అన్నవి కదొదినా! ఆయప్ప చేతులు తగిలిన కుండలు."

"ఈ ఉగాదికి నేను కొన్నట్టివి. కుమ్మరాయప్ప ఆ సందులోనే ఉండాడు, పోయి అడుగు."

సుబ్బయ్య నవ్వాడు. "ఏందొదినా, ఇరవై రెండేండ్లుగా ఈడ్నే ఉండాయి. మేడమీద నుంచి దినామూ చూస్తానే ఉండా కదా."

"మేడమీద నుంచి చూస్తే కుండలన్నీ ఒకటే మాదిరి ఉంటాయిలే. మట్టికుండ యాడన్నా ఇరవై రెండేండ్లు ఉంటాదా అప్పా? ఒక ఎండాకాలం దాటితే చెమ్మ పట్టదు, నీళ్ళు సల్లబడవు. ఉగాదికి కొత్తవి తెచ్చేది, తొలకరికి పాతవి పెరట్లో పారేసేది, అంతే. నువ్వు ఒక్కనాడన్నా కుండ ఎత్తింటే తెలిసేది."

సన్నాయి ఆగిపోయింది. సుబ్బయ్య ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆహ్వానపత్రికలు అచ్చయి పంచడం కూడా అయిపోయింది. వాటిలో జలమందిరం పేరుకంటే పవిత్ర ఘటాల పేరు పెద్ద అక్షరాలలో ఉంది. ఆ ఘటాలను చూడాలనే పైనుంచి ఒక పెద్దమనిషి మోటారులో రావడానికి ఒప్పుకున్నాడు. రంగనాథ తన సర్వీసులో ఇలాంటి చిక్కు చూసి ఉండడు. కండువాతో ముఖం తుడుచుకొని, అధ్యక్షులవారు ఏది నిర్ణయిస్తే అదేనన్నాడు.

సుబ్బయ్య వదిన చేయి పట్టుకున్నంత పని చేశాడు. "ఆ మాట ఇంకెవురితోనూ అనొద్దొదినా. నీకు దండం పెడతా. పెద్దాయన వస్తాండాడు. పరువు గంగలో కలిసిపోతాది."

వాసవాంబ జట్కాలో పూలదండలు వేసుకొని కూర్చున్న కుండల వైపు చూసింది. తరువాత నెమ్మదిగా చెప్పింది. "అననులేప్పా. ఆ కుండలు తీసుకపోండి, అద్దాల్లో పెట్టుకోండి, హారతి ఇచ్చుకోండి. నేను నోరు తెరవను. ఈ అరుగు జోలికి మాత్రం మీరు రాగూడదు. నేను యా కుండ పెట్టినా, యాడ నుంచి నీళ్ళు తెచ్చినా, ఎవురికి పోసినా, మేడమీద నుంచి కవరు దిగగూడదు. ఒప్పుకుంటావా?"

సుబ్బయ్య ఒప్పుకున్నాడు. సంఘం చరిత్రలో ఫైలుకు ఎక్కని తీర్మానం ఇదొక్కటే. సన్నాయి మళ్ళీ మొదలైంది. జట్కా కదిలి మలుపు తిరగకముందే వాసవాంబ కుమ్మరి సందులోకి నడిచింది, ఆమె వెనకాల కెంచప్ప. ఆ పూట కెంచప్ప బండి విప్పేసి, కావడి తానే భుజాన వేసుకొని, బావికి నాలుగు సార్లు తిరిగాడు.

ప్రారంభోత్సవం సంవత్సరీకం మర్నాడు, రోహిణీ కార్తెలో, మిట్టమధ్యాహ్నం పన్నెండుకు జరిగింది. ముహూర్తం అలా కుదిరింది, ఎండదేమీ తప్పు లేదు. వేదిక మీద వాసవాంబకు కూడా కుర్చీ వేశారు. దీపం వెలిగించేదాకా శకునం చెడకుండా ఆ కుర్చీకి తెర కట్టారు, తరువాత విప్పడం మరిచిపోయారు. మోటారులో వచ్చిన పెద్దమనిషి నీటి మహిమ గురించి గంటా నలభై నిమిషాలు మాట్లాడాడు. "సోదరులారా! ఈ పవిత్ర ఘటాలను తిలకించండి. ఈ మట్టిలో ఆ త్యాగమూర్తి వేళ్ళ జాడలు నా కళ్ళకు స్పష్టంగా కనబడుతున్నాయి. ఇరవై రెండు సంవత్సరాలు! ఈనాటి కుండలలో ఈ గట్టిదనం ఉన్నదా అని ప్రశ్నిస్తున్నాను," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. తెర వెనక వాసవాంబ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందనుకొని పద్మనాభయ్య కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ తరువాత పెద్దమనిషి సింహముఖపు కొళాయి తిప్పాడు. బావి తవ్వడానికి రెండు రాష్ట్రాల అనుమతి ఇంకా రానందున సింహం నోట్లోంచి ఏమీ రాలేదు. అయితే ఆయన అనుభవజ్ఞుడు. దోసిలి పట్టి, గుటక వేసి, "అమృతం!" అన్నాడు. వెంటనే అధ్యక్షుడు తాగాడు, ఉపాధ్యక్షుడు తాగాడు, కార్యదర్శి తాగి పెదవులు తుడుచుకున్నాడు. చందాదారులు వరుసలో నిలబడి, తమ వంతు రాగానే కడుపునిండా తాగారు. నీళ్ళు లేవన్న మాట ఒక్క నోటి నుంచీ రాలేదు. మర్యాద తెలిసినవాళ్ళు అలాంటి మాటలనరు. పద్మనాభయ్య రెండోసారి తాగబోయి, ఎండదెబ్బకు ఆంధ్ర వైపు పడిపోయాడు.

ఆయనను మోటారులో వేసుకొని అందరూ బళ్ళారికి పరుగుపెట్టారు. వీరభద్రయ్య అంగడి అరుగు కనబడగానే మోటార్లు, జట్కాలు వాటంతటవే ఆగాయి. కుండల దగ్గర వాసవాంబ కాపలా పెట్టిపోయిన కెంచప్ప ఉన్నాడు. పావుగంటలో రెండు కుండలూ ఖాళీ చేశారు. పద్మనాభయ్య ముఖం మీద చల్లితే లేచి కూర్చొని మూడు చెంబులు తాగాడు. శకునం మాట ఎత్తలేదు. పెద్దమనిషి ఐదో చెంబు దించి, ఈ కుండలెవరివని అడిగాడు.

"వీరభద్రయ్యవి సామీ," అన్నాడు కెంచప్ప.

"తప్పు. ఆయన కుండలు అద్దాల బీరువాలో ఉన్నాయి. ఇప్పుడే కళ్ళారా చూసి వస్తున్నాం," అని పెద్దమనిషి మందలించాడు. చదువులేనివాళ్ళలో చరిత్రజ్ఞానం పెరగవలసిన అవసరం గురించి రెండు మాటలు చెప్పి మోటారెక్కాడు.

మూడో రోజు గాళెప్ప రిజిస్టరు కవరు తెచ్చాడు. సుబ్బయ్య మాట తప్పే మనిషి కాదు. ఈ కవరు హోస్పేట నుంచి వచ్చింది. "ప్రారంభోత్సవము జయప్రదమైనందున, ఇంత అనుభవము గడించిన సంఘమును రద్దు చేయుట జాతికి నష్టమని తోచినది. తదుపరి స్మారకము తమదే కావలెనని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. గతసారి అవశేషముల విషయమున కలిగిన ఇబ్బంది తమకు విదితమే. కావున ప్రస్తుతము అరుగుమీదనున్న రెండు కుండలలో ఇకపై నీళ్ళు పోయక, గడ్డిలో చుట్టి భద్రపరచవలెను. అవి తమవేనని తమ తదనంతరము రుజువు చేయుటకు, ఇందుతో పంపిన కాగితముపై తమ వేలిముద్ర ఇప్పుడే వేసి పంపిన మేలు."

గాళెప్ప చదవడం అయిపోయినా తల ఎత్తలేదు. వాసవాంబకు నవ్వు వచ్చింది. ఆయన పోయిన ఈ ఏడాదిలో, తిన్నావా వదినా అని ఒక్కరూ ఒక్క కార్డు ముక్క రాయలేదు. ఇప్పుడు ఆమె చావు గురించి రిజిస్టరు కవరే పంపారు.

"ఏం రాయాల్నమ్మా?" అన్నాడు గాళెప్ప.

"చచ్చినాక మాట్లాడుకుందామని రాయప్పా. ముందు నువ్వు తాగి పక్కకు జరుగు. వెనకాల మనిషి ఎండలో నిలబడిండాడు."

ఈ జవాబును రంగనాథ ఫైలులో "సమ్మతి" అన్న శీర్షిక కింద చేర్చాడు. శ్రీమతి వాసవాంబ స్మారక జలమందిరానికి చందాల పట్టీ మేడమీద తెరిచి ఉంది. అరుగుమీద నీళ్ళు తాగినవాళ్ళలో పెద్దమనుషులు చాలామంది మెట్లెక్కి తమ పేరు రాయించి పోతున్నారు. ఆమె మాత్రం రోజూ తెల్లవారుజామున బావికి వెళ్తూనే ఉంది. కెంచప్ప బండి వచ్చిన రోజున తప్ప ఇంతవరకు ఆమె చేతిలోని బిందె అందుకున్నవాడు లేడు. శిలాఫలకం ఈసారి పెద్దదే తెచ్చారు, ఇంకా బోలెడు చోటుంది. తమరు కూడా తమ పేరును బిరుదులతో సహా స్పష్టంగా రాసి వెంటనే పంపగోరుతాము.